జమ్మలమడుగు కోడలు, బాక్సర్ రోజమ్మ

డ్యూటీ దిగి ప్రొద్దుటూరు డిపో గేటు దాటుతుంటే పక్కనున్న ఆడపిల్లల బడి ఆవరణలోంచి తాడు నేలకు తగిలే చప్పుడు వినిపించింది. బడి వదిలి చాలాసేపయింది. ఎవరో ఒక్క పిల్ల మాత్రం ఇంకా ఆడుతున్నట్టుంది. ముందు నెమ్మదిగా, తర్వాత వేగంగా, ఆ తర్వాత రెండు చప్పుళ్ళ మధ్య ఎడం తెలియనంత వేగంగా. నా మడమలు వాటంతట అవే నేల మీంచి లేచాయి. చేతిలో క్యారియర్, చీర మీద ఖాకీ కోటు, ముప్ఫై ఆరేళ్ళ వయసు. రోడ్డు పక్కన మునివేళ్ళ మీద ఊగుతున్నాను. టీ బంకు దగ్గర నిలబడ్డ డ్రైవర్లు నన్ను చూసి నవ్వుకున్నారు. నవ్వుకోనీలే అనుకుని ఆ తాడు ఆగేదాకా అక్కడే ఉన్నాను. ఆ చప్పుడు ఎక్కడ విన్నా నాకు రోజమ్మ కళ్ళ ముందుకొస్తుంది.

ఆమె అసలు పేరు రోసలిన్. ఫిలిప్పీన్స్ దేశంలో ఒక చిన్న దీవిలో, చేపలు పట్టేవాళ్ళ ఇంట్లో పుట్టింది. ఆ దీవిలో మన ఊళ్ళలో పిల్లకాయలు క్రికెట్ ఆడినట్టు బాక్సింగ్ ఆడతారట. అన్నలతో పాటు తనూ నేర్చుకుంది. ఇరవై ఏళ్ళు నిండకముందే డబ్బిచ్చే పోటీల్లో ఆడే ప్రొఫెషనల్ బాక్సరయింది. కానీ ఆడవాళ్ళకు పోటీలు పెట్టేవాళ్ళు తక్కువ. పెట్టినా పేరున్న అమ్మాయిలకే పెడతారు. పోటీలు దొరక్క కువైట్‌లో ఒక ఇంట పనికి కుదిరింది. ఆ ఇంటి కారు తోలేవాడు మా జమ్మలమడుగు ప్రభుదాసు. మా కడప జిల్లాలో కువైట్‌కు మనిషిని పంపని వీధి వెతికినా దొరకదు. పంపినవాళ్ళు బంగారం తెచ్చారు, టీవీలు తెచ్చారు. ప్రభుదాసు మాత్రం బాక్సరును పెళ్ళి చేసుకుని తెచ్చాడు. రాష్ట్రం విడిపోయే ముందటి ఏడు అతను తిరిగొచ్చి నాపరాళ్ళ లారీ తోలడం మొదలుపెట్టాడు. ఆమె జమ్మలమడుగు కోడలయింది. రోసలిన్ అనే పేరు అత్త సువార్తమ్మ నోట పలక్క, రోజమ్మగా స్థిరపడింది.

నేను అప్పటికి కండక్టరుగా చేరి రెండేళ్ళయింది. ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు, ముద్దనూరు మీదుగా పులివెందులకు పోయే పల్లెవెలుగు బస్సు నాది. ఒకరోజు పొద్దున జమ్మలమడుగు దాటాక, పెన్న ఒడ్డున పరిగెత్తుకుంటూ వచ్చిన ఒక ఆడమనిషి చెయ్యెత్తి బస్సు ఆపింది. పొట్టి మనిషి. మెడ దగ్గరికి కత్తిరించిన జుట్టు, చెమటకు తడిసి ముద్దయిన టీ షర్టు. బస్సులో వాళ్ళు నేపాలు మనిషి అని కొందరు, చైనా అని కొందరు గుసగుసలు పోయారు. ఆమె నా దగ్గరకొచ్చి గొంతు సవరించుకుని, "ముద్దనూరుకు ఒక టికెట్ ఇయ్యప్పా" అంది. బస్సంతా గొల్లుమంది. మా వైపు మగవాళ్ళు మగవాళ్ళను పిలిచే పిలుపు అది. ఆమె తెలుగు నేర్చుకున్నది కువైట్‌లో కడప జిల్లా డ్రైవర్ల దగ్గర. అందుకని ఆమె మాటలన్నీ రాయచోటి లారీ డ్రైవరు మాటల్లాగే ఉండేవి. ఆడవాళ్ళను అక్కా అనో అమ్మా అనో అనాలని నేనే చెప్పాను. అందరినీ అక్కా అనడం నేర్చుకుంది గానీ నన్ను మాత్రం చివరిదాకా అప్పా అనే పిలిచింది. వయసులో నాకన్నా ఐదేళ్ళు పెద్ద. నేను ఆమెను అక్కా అనేదాన్ని.

మా పరిచయం టికెట్ దగ్గరే ఆగిపోయేది, ఒక వేసవి మధ్యాహ్నం జరిగిన సంగతి లేకపోతే. ముద్దనూరు దగ్గర బస్సు కిక్కిరిసి ఉంది. ఫుట్‌బోర్డు మీద వేలాడుతున్న ఒకాయన్ను లోపలికి రమ్మన్నాను, లేదంటే బస్సు కదలదన్నాను. తెల్లచొక్కా వేసుకున్న పెద్దమనిషి. తాగి ఉన్నాడు. నన్ను నానా మాటలన్నాడు. చివరికి చెయ్యెత్తాడు. నేను కళ్ళు గట్టిగా మూసుకుని తల పక్కకు తిప్పుకున్నాను. దెబ్బ పడలేదు. కళ్ళు తెరిచేసరికి మా ఇద్దరి మధ్య రోజమ్మ నిలబడి ఉంది. ఆయన్ను ముట్టుకోలేదు. చేతులు కిందికి వదిలేసి, పాదాలు కొంచెం ఎడంగా పెట్టి, ఆయన కళ్ళలోకి చూస్తూ నిలబడింది, అంతే. ఆయన ఎత్తిన చెయ్యి దించి, అదే చేత్తో జుట్టు దువ్వుకుని, బస్సు దిగిపోయాడు.

నాకు ఏడుపొచ్చింది. అందరూ నన్ను ఓదార్చారు. రోజమ్మ ఓదార్చలేదు. పులివెందులలో బస్సు ఆగి, జనమంతా దిగాక నా పక్కన కూర్చుంది.

"వాడు చెయ్యెత్తినాడు, అది వాని తప్పు" అంది. "నువ్వు కళ్ళు మూసుకుంటివి. చూడకుంటే దెబ్బ యాడ పడేది ఎట్ల తెలుస్తాదప్పా?"

నేను భయమేసిందన్నాను. భయం తనకూ వేస్తుందని, పదహారేళ్ళుగా వేస్తూనే ఉందని, కళ్ళు తెరిచి భయపడటం నేర్చుకోవచ్చని చెప్పింది. నేర్పిస్తావా అని అడిగాను. ఎందుకు అడిగానో నాకిప్పటికీ తెలీదు. ఇరవై నాలుగేళ్ళ దాకా పరుగు పోటీలో కూడా నిలబడని మనిషిని నేను.

ప్రొద్దుటూరులో బట్టల దుకాణం నడిపే సుబ్బరత్నమ్మ అనే శెట్టి వారి ఇల్లాలికి ఊరి చివర పాత పత్తి గోదాము ఒకటి ఉండేది. పత్తి వ్యాపారం మానుకున్నాక అది ఖాళీగా పడి ఉంది. రోజమ్మ నేరుగా దుకాణానికి పోయి, ఆ గోదాము పొద్దున పూట తనకు వాడుకోనిమ్మని అడిగిందట. సుబ్బరత్నమ్మ ఆమెను కింది నుంచి పైదాకా చూసి, ఎవరినైనా కొడతావా అని అడిగింది. కొట్టడం నా ఉద్యోగమని రోజమ్మ జవాబిచ్చింది. ఆ జవాబుకు సుబ్బరత్నమ్మ ఎంత నవ్విందంటే, గోదాము తాళంతో పాటు దుకాణంలో మిగిలిన గుడ్డ పీలికలన్నీ మూటకట్టి పంపింది. ఆ పీలికలను పెద్ద గోనె బోరెంలో కుక్కి, దూలానికి వేలాడదీసి, మేము గుద్దే సంచి తయారు చేసుకున్నాం. మల్లు గుడ్డను పొడవుగా చించి చేతులకు కట్టుకునేవాళ్ళం.

మొదటి నెల ఆమె నాకు ఒక్క గుద్దు కూడా నేర్పలేదు. తాడు ఎగరమంది. తర్వాత నన్ను గోడకు ఆనించి నిలబెట్టి, గ్లవ్ తొడిగిన చేతిని నా ముక్కు దాకా తెచ్చి ఆపేది. నేను కళ్ళు మూసేదాన్ని. మళ్ళీ తెచ్చేది. మళ్ళీ మూసేదాన్ని. రోజుకు వంద సార్లు. విసుక్కునేది కాదు, మెచ్చుకునేది కాదు. ముప్ఫయ్యో రోజో ఏమో, చెయ్యి వచ్చి నా ముక్కు ముందు ఆగితే దాని మీద కుట్లు ఎక్కడ ఊడిపోయాయో కనిపించింది. "కుట్టు ఊడింది అక్కా" అన్నాను. ఆమె గ్లవ్ వైపు చూసి, నా వైపు చూసి, ఇంక పోయి బోరెం గుద్దుకో అంది. నాకు డిగ్రీ చేతికొచ్చిన రోజు కన్నా ఆ రోజే ఎక్కువ గర్వంగా అనిపించింది.

ఎండాకాలం మా ఊళ్ళు ఎట్లా ఉంటాయో చెప్పనక్కర్లేదు. నాపరాళ్ళు పరిచిన ఇంటి ముంగిట కాలు పెట్టలేం. రోజమ్మకు మాత్రం ఆ ఎండంటే ప్రాణం. బరువు తగ్గడానికి వేరే దేశాల్లో బాక్సర్లు వేడి గదుల్లో కూర్చుంటారట. ఇక్కడ ఆ అవసరం లేదని, మిట్టమధ్యాహ్నం ప్లాస్టిక్ కోటు తొడుక్కుని పెన్న ఇసకలో పరిగెత్తేది. దారిన పోయేవాళ్ళు యాడికి పోతాండావు రోజమ్మా అని అరిస్తే, యాడికీ లేదు, ఈడికే అని నవ్వుకుంటూ పోయేది. ఆమె ఆ నేల మీద పరాయిదానిలా నడవడం నేను ఎన్నడూ చూడలేదు. అడిగితే ఒకసారి చెప్పింది: ఏ ఊరైనా పొద్దున దాని రోడ్ల మీద పరిగెత్తితే మూడు నెలల్లో మన ఊరే అయిపోతుందట.

అత్త సువార్తమ్మకు మాత్రం కోడలి ఉద్యోగం గిట్టలేదు. ఆమె బాధ దేవుడి గురించో మర్యాద గురించో కాదు. కోడలు ముఖం మీద కమిలిన మచ్చతో చర్చికి వస్తే, ఊరంతా తన కొడుకే కొట్టాడనుకుంటారని. ఆ మాటలో న్యాయం ఉంది. బస్టాండులో ప్రభుదాసు కనిపిస్తే కొందరు ఆడవాళ్ళు ముఖం తిప్పుకోవడం నేనూ చూశాను. పాపం, అతను ఈగను తోలడానికి కూడా చెయ్యెత్తే మనిషి కాదు. ఆమె ఆడుతుంటే చూడలేక పోటీ జరిగినంతసేపూ బయట కూర్చునేవాడు.

ఇక్కడికి వచ్చాక రోజమ్మ పోటీలు ఎట్లా ఉండేవో చెప్పాలి. బెంగుళూరు నుంచో ముంబై నుంచో వారం పది రోజుల ముందు ఫోను వచ్చేది. ఎవరో పైకొస్తున్న అమ్మాయి ఉంటుంది. ఆమెకు వరసగా గెలుపులు కావాలి. అందుకు ఎదురుగా నిలబడి, కాసేపు గట్టిగానే ఆడి, చివరికి ఓడిపోయే మనిషి కావాలి. ఊరుగాని ఊరి నుంచి, దేశంగాని దేశం నుంచి వచ్చిన బాక్సర్లను ఆ పనికే పిలుస్తారు. వాళ్ళ తరఫున అరిచే జనం ఉండరు, జడ్జీలను అడిగేవాళ్ళు ఉండరు. ఎవరూ నోరు తెరిచి ఓడిపొమ్మని చెప్పరు. సరిగ్గా సిద్ధం కాలేనంత తక్కువ గడువు ఇస్తారు, అంతే. రోజమ్మ అట్లాంటి పోటీలు చాలా ఆడింది, చాలావరకు ఓడింది. సిగ్గుపడేది కాదు. దెబ్బలు తినకుండా ఓడిపోవడం కూడా విద్యేనని చెప్పేది.

నేను గోదాములో చేరిన రెండో ఏడు బెంగుళూరు నుంచి పిలుపొచ్చింది. ఆరు రౌండ్ల పోటీ. అవతలి అమ్మాయికి ఇరవై ఒక్కేళ్ళు, ఆడిన ఏడూ గెలిచింది. గడువు ఎనిమిది రోజులు. అప్పటికి రోజమ్మ నాలుగు నెలలుగా విడవకుండా సాధన చేస్తోంది, ఆ సంగతి వాళ్ళకు తెలీదు. ఫోను పెట్టేసి నా వైపు తిరిగింది.

"ఓడిపోనీకి పిలుస్తాండారు" అంది. "పోతా. ఓడిపోను. నువ్వు నా మూలలో ఉండల్ల."

మూల అంటే రింగులో బాక్సరు రౌండుకూ రౌండుకూ మధ్య వచ్చి కూర్చునే చోటు. అక్కడ పీట వెయ్యడం, నీళ్ళు పట్టడం, ముఖం తుడవడం ఒకరు చూసుకోవాలి. గాయాలకు మందు వేసే మనిషిని పోటీ పెట్టినవాళ్ళే ఇచ్చారు. మిగతా పని నాది. సెలవు పెట్టి వెళ్ళాను. హాలు గోడల మీద అవతలి అమ్మాయి బొమ్మలు నిలువెత్తున ఉన్నాయి. రోజమ్మ బొమ్మ ఒక మూల అరచేతంత ఉంది. ఏ ఊరని కాగితం మీద రాయమంటే ఆమె తన దీవి పేరు రాయలేదు, జమ్మలమడుగు అని రాసింది. మైకులో చదివే ఆయన ఆ పేరు దగ్గర మూడుసార్లు తడబడ్డాడు. జనం నవ్వారు. రోజమ్మ కూడా నవ్వింది.

మొదటి రెండు రౌండ్లు ఆ అమ్మాయివే. చేతులు పొడవు, కాళ్ళు చురుకు. రెండో రౌండులో రోజమ్మ ఎడమ కనుబొమ చిట్లింది. నేను నీళ్ళు పట్టడం మరిచి ఆ రక్తమే చూస్తున్నాను. పీట మీద కూర్చున్న ఆమె మాత్రం నా వైపు చూసి, ఆ పిల్ల కుడి చెయ్యి విసిరే ముందు గాలి పీలుస్తోంది, విన్నావా అని అడిగింది. నేను వినలేదు. మూడో రౌండులో విన్నాను. ఆ పిల్ల ముక్కు నుంచి చిన్న చప్పుడు రావడం, అదే క్షణంలో రోజమ్మ ఒక అడుగు లోపలికి వెయ్యడం, పొట్టలో గుద్దడం. మళ్ళీ చప్పుడు, మళ్ళీ అడుగు, మళ్ళీ గుద్దు. నాలుగో రౌండుకు హాలులో నవ్వులు ఆగిపోయాయి. ఐదో రౌండులో ఆ అమ్మాయి ఒక మోకాలి మీద కూలబడింది. రిఫరీ పది లెక్కపెట్టాడు. లేవాలని చూసింది గానీ ఊపిరి అందలేదు. రోజమ్మ చేతులు పైకెత్తలేదు. నేరుగా పోయి ఆ పిల్ల పక్కన కూర్చుని, నోట్లోని గార్డు తీసి, నెమ్మదిగా ఊపిరి పీల్చుకోమని చెప్పింది. నేను బయటికి పరిగెత్తి, మెట్ల మీద తల పట్టుకుని కూర్చున్న ప్రభుదాసుకు చెప్పాను. అతను నమ్మక నన్నే రెండుసార్లు అడిగాడు.

తిరిగొచ్చాక, కనుబొమకు కుట్లతో రోజమ్మ మా బస్సెక్కింది. పక్కన సువార్తమ్మ. వెనక సీట్లో ఇద్దరు ఆడవాళ్ళు ఆ కుట్లు చూసి ప్రభుదాసు పేరెత్తారు. సువార్తమ్మ వింది. కదులుతున్న బస్సులో లేచి, కమ్మీ పట్టుకుని, వాళ్ళ వైపు తిరిగింది. "కొట్టింది నా కొడుకు కాదు. కొట్టిన పిల్ల ఇంగా బెంగుళూరులో మంచం మీదనే ఉండాది" అని చెప్పి కూర్చుంది. ఆ రోజు నుంచి కోడలికి రాగిసంగటి తనే కలిపి పెట్టేది. పోటీ ఎప్పుడని తనే అడిగేది.

కానీ ఆ గెలుపుతో ఫోన్లు ఆగిపోయాయి. గెలిచే మనిషిని ఓడిపోయే పనికి ఎవరు పిలుస్తారు? ఎనిమిది నెలలు ఒక్క పిలుపూ రాలేదు. రోజమ్మ పొద్దునే గోదాముకు రావడం మానలేదు. ఇంకో ఇద్దరు ముగ్గురు ఆడపిల్లలు చేరారు, వాళ్ళకూ నేర్పింది. ఆ తర్వాత, ముప్ఫై రెండేళ్ళు దాటాక, ఆమె జీవితమంతా ఎదురుచూసిన పిలుపు వచ్చింది. థాయిలాండ్‌లో పది రౌండ్ల పోటీ. గెలిస్తే బెల్టు. నడుముకు కట్టే ఆ బెల్టు కోసమే బాక్సర్లు బతుకుతారు. గడువు రెండు నెలలు. ఇంత గడువు ఆమెకు ఎవరూ ఎన్నడూ ఇవ్వలేదు. సుబ్బరత్నమ్మ తన దుకాణం పేరు కుట్టించిన ఎర్రటి పట్టు కోటు తయారు చేయిస్తానంది. సువార్తమ్మ పాస్టరు గారితో ప్రార్థన పెట్టించింది.

ఆ రెండు నెలల్లో గోదాములో రోజమ్మకు ఎదురుగా నిలబడి ఆడేదాన్ని నేనే. మూడేళ్ళ సాధనలో నేను ఆమె ఒంటి మీద శుభ్రంగా వేసిన గుద్దులు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. అట్లాంటిది ఒక పొద్దున నా కుడి చెయ్యి నేరుగా వెళ్ళి ఆమె ఎడమ చెంపకు తగిలింది. నాకే ఆశ్చర్యమేసింది. కాసేపటికి మళ్ళీ తగిలింది. మూడోసారి కావాలనే నెమ్మదిగా విసిరాను. అదీ తగిలింది. ఆమె ఆ చెయ్యి రావడం చూడనే లేదు. నేను ఆగిపోయి, ఎడమ పక్క వేళ్ళు ఆడించి, ఎన్ని వేళ్ళని అడిగాను. ఆమె చేతులు దించేసింది. మిగతా పిల్లలను పంపించేసి, తలుపు దగ్గరగా వేసి, నేల మీద కూర్చుంది.

బెంగుళూరు తర్వాత నుంచే ఎడమ కంటి ముందు నల్లటి దోమలు తిరుగుతున్నట్టు ఉండేదట. ఈ మధ్య ఒక పక్క నుంచి తెర దించినట్టుగా నీడ వస్తోందట. పోటీకి ముందు డాక్టర్లు కంటి పరీక్ష చేస్తారు కదా అంటే, అక్షరాలన్నీ కంఠతా వచ్చని చెప్పింది.

"రెండు నెలలు. పది రౌండ్లు. అంతే అప్పా" అంది. "నా మొగునికి చెప్పొద్దు. నువ్వు ఎడమ పక్క చూసి నాకు చెప్పు. మూలలోంచి అరిస్తే నాకు ఇనపడతాది."

ఆమె నన్ను అంతగా ఎన్నడూ బతిమాలలేదు. అసలు ఎవరినీ బతిమాలగా నేను చూడలేదు. సరేనందామని నోటిదాకా వచ్చింది. ఆమె పందొమ్మిదేళ్ళ కష్టం నాకు తెలుసు. ఇంకో పిలుపు రాదనీ తెలుసు. ఆమె ముఖం వైపు చూశాను. ఆమె నా కళ్ళలోకి చూస్తోంది, కానీ ఎడమ కన్ను ఎక్కడో తేలిపోతున్నట్టు అనిపించింది.

"నేను నీ మూలలో ఉండనక్కా" అన్నాను. "ప్రభుదాసన్నకు నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

 ఆమె చేతికట్లు విప్పుకుంటూ కూర్చుంది. నేను అక్కడ ఉండలేకపోయాను. సంచీ తీసుకుని వచ్చేశాను. ఆ తర్వాత గోదాము వైపు పోలేదు. ప్రభుదాసుకు చెప్పడానికి రెండుసార్లు ఫోను తీశాను, రెండుసార్లూ పెట్టేశాను. మూడు వారాలు ఆమె నా బస్సెక్కలేదు. రోడ్డు పక్కన పరిగెత్తుతూ కనిపించేది. బస్సు దాటుతున్నా తల తిప్పేది కాదు. నేను కిటికీలోంచి చూసి, ఆమె చూడదని తెలిసి కూడా సీట్లో ఒదిగిపోయేదాన్ని.

నాలుగో వారం ఒక ఉదయం డిపో గేటు దగ్గర భార్యాభర్తలిద్దరూ నిలబడి ఉన్నారు. ప్రభుదాసు కళ్ళు వాచి ఉన్నాయి. రోజమ్మ నా ముందుకొచ్చింది. తిరుపతిలో కంటి ఆసుపత్రికి పోతున్నామని, సెలవు పెట్టి రమ్మని చెప్పింది. నేను తడబడుతూ, నువ్వు కోపంగా ఉన్నావనుకున్నానన్నాను.

"వద్దన్నందుకు కోపం లేదు" అంది. "అది సరైన దెబ్బ. కొట్టి పారిపోయినావు చూడు, దానికి కోపం. రింగులో దెబ్బ కొట్టినాక యాడికి పోతావు? ఆడనే ఉండల్ల. అవతలి మనిషికి ఏమైందో చూడల్ల."

తిరుపతిలో డాక్టరమ్మ చాలాసేపు చూసింది. కంటి వెనక పొర చిరిగి ఊడివస్తోందని, వెంటనే ఆపరేషను చేస్తే చూపు నిలబడుతుందని, మళ్ళీ ఒక్క గట్టి దెబ్బ తగిలినా ఆ కన్ను దక్కదని చెప్పింది. రోజమ్మ ఒక్క పోటీ, ఒకే ఒక్కటి అని అడిగింది. డాక్టరమ్మ తలడ్డంగా ఊపింది. ఆపరేషనుకు తీసుకుపోయేదాకా, తర్వాత కట్టు విప్పేదాకా నేను అక్కడే ఉన్నాను. ప్రభుదాసు ఈసారి కూడా బయట మెట్ల మీదే కూర్చున్నాడు.  తిరుగు ప్రయాణంలో రాజంపేట దాటాక రోజమ్మ నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది. చిన్నపిల్లలా కాదు, ఎవరినీ పట్టించుకోకుండా, పూర్తిగా, కడప వచ్చేదాకా ఏడ్చింది. కడపలో ముఖం కడుక్కుని ఆకలవుతోందంది.

ఆ తర్వాత ఆమె చేతులు కట్టుకుని కూర్చోలేదు. పులివెందులలో ఒక ఆడపిల్లల కాలేజీవాళ్ళు పిలిస్తే, కట్టు విప్పిన రెండో నెలలోనే బాక్సింగ్ నేర్పడం మొదలుపెట్టింది. ఐదేళ్ళు రోజూ నా బస్సులోనే వెళ్ళింది. భూములున్న రెడ్ల ఇళ్ళ పిల్లలు, చీనీ బత్తాయి తోటల్లో కూలికి పోయేవాళ్ళ పిల్లలు ఒకే వరసలో నిలబడి గోడకు ఆని కళ్ళు తెరవడం నేర్చుకున్నారు. ఒకసారి ఒక పెద్ద రైతు జీపులో వచ్చి, మా పిల్ల ముక్కు వంకరపోతే పెళ్ళెట్ల అవుతుందని నిలదీశాడట. రోజమ్మ ఆయన్ను కుర్చీ వేసి కూర్చోబెట్టి, నీ కూతురు ఆడేది చూసి చెప్పమందట. ఆ పిల్ల ఆ రోజు ఎదురు పిల్ల చేత ఒక్క దెబ్బ కూడా తినలేదు. ఆయన జీపెక్కి వెళ్ళిపోయాడు గానీ, మరుసటి వారం పిల్లలకు రెండు గంపల చీనీకాయలు పంపాడు. ఆమె దగ్గర నేర్చుకున్నవాళ్ళలో ఇద్దరు ఇప్పుడు పోలీసు ఉద్యోగాల్లో ఉన్నారు. ఒకమ్మాయి రాష్ట్రం తరఫున ఆడింది.

మూడేళ్ళ కిందట వాళ్ళు ఆమె దీవికి వెళ్ళిపోయారు. ఆ ఆలోచన ప్రభుదాసుదే. పదేళ్ళు నువ్వు నా ఊళ్ళో ఉన్నావు, ఇంక నేను నీ ఊళ్ళో ఉంటానని అతనే అన్నాడట. సువార్తమ్మ తనూ వస్తానని పట్టుబట్టింది. విమానంలో మిరప్పొడి ఎంత తీసుకుపోనిస్తారని డెబ్బై ఏళ్ళ మనిషి నన్ను పదిసార్లు అడిగింది. ఇప్పుడు ప్రభుదాసు అక్కడ జీపు తోలుతున్నాడు. ఆ దీవి భాషను మా జమ్మలమడుగు యాసలో మాట్లాడతాడని, అంగట్లో జనం నవ్వుతారని రోజమ్మ ఫోనులో చెప్పి తెగ మురిసిపోతుంది. తను అక్కడి పిల్లలకు నేర్పుతోంది.

వెళ్ళే రోజు ప్రొద్దుటూరు బస్టాండులో సుబ్బరత్నమ్మ, గోదాము పిల్లలు, కాలేజీ పిల్లలు అందరూ చేరారు. బస్సు కదిలే ముందు రోజమ్మ నన్ను పక్కకు పిలిచింది. "నన్ను గెలిపియ్యల్లని చూసినోళ్ళు శానా మంది ఉండారు. ఆపింది నువ్వొక్కదానివే" అంది. వెంటనే మెట్టెక్కి, లోపలికి పోయి, అత్తకు కిటికీ సీటు ఇచ్చి కూర్చుంది.

ఆమె నుంచి నాకు దక్కింది బాక్సింగ్ అని చెప్పలేను. ఆమె వెళ్ళి గోదాము మూతపడ్డాక నేను గ్లవ్ తొడిగింది తక్కువ. కానీ పోయిన నెల ఒక సంగతి జరిగింది. ఎనిమిదేళ్ళుగా నాతో ఒకే బస్సు మీద పనిచేస్తున్న డ్రైవరు ఓబులేసన్నకు షుగరు ఎక్కువై, బస్సు తోలుతూనే రెండుసార్లు కళ్ళు తిరిగాయి. నాకు తోబుట్టువు లాంటివాడు. మా అమ్మ పోయినప్పుడు పాడె మోసినవాడు. ఎవరికీ చెప్పొద్దన్నాడు, కూతురి పెళ్ళి అయ్యేదాకా ఓపిక పట్టమన్నాడు. నేను ఆయన ఎదురుగా నిలబడి, ఈ రోజు మీరు తోలితే నేను బస్సెక్కనని, మేనేజరుకు మీరు చెప్పకపోతే నేను చెప్తానని అన్నాను. ఎనిమిదేళ్ళలో నా వైపు ఎన్నడూ చూడనట్టు చూశాడు. అయినా వెళ్ళి ఆయనే చెప్పుకున్నాడు. డిపో నుంచి నేరుగా ఆసుపత్రికి తీసుకుపోయాను. రక్తం తీసుకున్నారు, సెలైన్ పెట్టారు. మధ్యాహ్నమైంది, సాయంత్రమైంది. ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు.  నేను ఆయన పక్క నుంచి లేవలేదు.